ఫ్లోర్ గొప్పదే, మరి టైరు సంగతేంటి?

ఫార్ములా వన్ కారు గురించి ఎవరిని కదిపినా ముందు ఫ్లోర్ మాటే ఎత్తుతారు. కారు అడుగున గాలి ఇరుకు దారిలో పడి వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది, కారు రోడ్డుకి అతుక్కుంటుంది. ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ ఇంకా గుర్తున్నవాళ్ళు బెర్నూలీ పేరు కూడా జోడిస్తారు. ఇందులో తప్పేం లేదు. 2022 నుంచి 2025 దాకా నడిచిన కార్లకి డౌన్‌ఫోర్స్‌లో, అంటే గాలి కారుని కిందికి నొక్కే బలంలో, ఇంచుమించు సగం ఫ్లోర్ నుంచే వచ్చేది.

కానీ ఆ ఫ్లోర్‌కి ముందు రెండు, వెనక రెండు టైర్లు ఏ తొడుగూ లేకుండా తిరుగుతుంటాయి. అవి గాలిని పాడుచేసే తీరు ఒకసారి అర్థమైతే, ఫ్లోర్‌కి ఆకారం ఇవ్వడం సులువైన పని, టైర్ల బారి నుంచి దాన్ని కాపాడుకోవడమే కష్టమైన పని అని తెలుస్తుంది. ముందు కారుని దగ్గరగా వెంబడించలేకపోతున్నాం అని డ్రైవర్లు మొత్తుకోవడం మనం ఏళ్ళ తరబడి వింటున్నాం కదా, అందులోనూ టైర్ల వాటా పెద్దది. రెక్కల్ని తిట్టినంత గట్టిగా టైర్లని ఎవరూ తిట్టరు. ఈ వ్యాసంలో ఆ లోటు తీర్చే పని పెట్టుకున్నాను.

ముందు చిన్న లెక్క. 2022లో వచ్చిన 18 అంగుళాల చక్రాలకి టైరుతో కలిపి వ్యాసం 720 మిల్లీమీటర్లు. అంటే చుట్టుకొలత రెండుంపావు మీటర్లు. కారు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ టైరు సెకనుకి దాదాపు 37 చుట్లు తిరుగుతుంది. రోడ్డుని తాకుతున్న చోట టైరు ఆ క్షణానికి కదలకుండా ఉన్నట్టే లెక్క. టైరు పైభాగం మాత్రం రోడ్డుతో పోలిస్తే 600 కిలోమీటర్ల వేగంతో ముందుకి దూసుకెళ్తుంటుంది. కారులో కూర్చుని చూస్తే ఎదురు గాలి 300తో వెనక్కి వస్తోంది, టైరు పైతొక్క 300తో ముందుకి పోతోంది. ఇంత ఎదురెదురుగా కొట్టుకుంటే గాలి ఆ తొక్కని అంటిపెట్టుకుని ఎలా ఉంటుంది? టైరు శిఖరం దాకా కూడా రాకుండానే విడిపోతుంది. వెనకాల బలం లేని, సుడులు తిరిగే గాలి ఒక పెద్ద ముద్దగా మిగులుతుంది. దాన్నే టైర్ వేక్ అంటారు.

కింద ఇంకో తమాషా ఉంది. టైరు రోడ్డుని తాకబోయే చోట, తిరిగే తొక్క ఒక వైపు నుంచి, కదిలే రోడ్డు ఇంకో వైపు నుంచి గాలిని ఆ సందులోకి తోస్తాయి. ముందుకి దారి లేదు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫాక్రెల్, హార్వీ అనే ఇద్దరు 1970ల మొదట్లోనే తిరిగే చక్రం మీద పీడనం కొలిచి, ఆ సందులో అది ఎదురు గాలి పూర్తిగా ఆగిపోయినప్పుడు వచ్చే పీడనాన్ని కూడా దాటుతుందని చూపించారు. మామూలుగా చదువుకున్న సూత్రం ప్రకారం అది దాటకూడదు. కానీ ఇక్కడ టైరు, రోడ్డు రెండూ గాలి మీద పని చేస్తున్నాయి కాబట్టి దాటుతుంది. అలా నొక్కుకుపోయిన గాలి రెండు పక్కలకీ చిమ్ముతుంది. కారు మీద గాలి తీరు చూసే ఏరో ఇంజనీర్లు దీన్ని టైర్ స్క్విర్ట్ అంటారు. వెనక టైరు లోపలి వైపు చిమ్మిన గాలి తిన్నగా ఎక్కడికి పోతుందో ఊహించండి. పక్కనే ఉన్న డిఫ్యూజర్‌లోకి, అంటే ఫ్లోర్ చివర పైకి లేచే భాగంలోకి. ఫ్లోర్ కింద కష్టపడి తయారుచేసుకున్న తక్కువ పీడనం దాన్ని రా రమ్మని లాక్కుంటుంది కూడా.

ఇదంతా చదివి తెలుసుకోవడం వేరు, కంటితో చూడడం వేరు. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు మేం స్టూడెంట్ ఫార్ములా పోటీకి కారు కట్టాం. ఫ్లోర్ అడుగున, అంచుల వెంట ఊలు దారం ముక్కలు టేపుతో అంటించి, చిన్న కెమెరా ఒకటి బిగించి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో తిప్పాం. వీడియోలో ఫ్లోర్ మధ్యలో దారాలన్నీ దువ్వినట్టు వెనక్కి పడుకుని ఉన్నాయి. వెనక టైరుకి జానెడు దూరంలోకి వచ్చేసరికి వణకడం మొదలు. టైరు పక్కనే ఉన్న రెండు మూడు దారాలైతే అడ్డంగా తిరిగి డిఫ్యూజర్ వైపు చూపిస్తున్నాయి. "అన్నా, దారం ఊడిపోయిందేమో, మళ్ళీ అతికిద్దామా?" అన్నాడు మా జూనియర్. ఊడిపోలేదురా, గాలే అటు పోతోంది అని చెప్పడానికి ఆ వీడియోని నెమ్మదిగా మళ్ళీ మళ్ళీ తిప్పి చూపించాల్సి వచ్చింది. ఫ్లోర్ అంచున అల్యూమినియం పట్టీ ఒకటి నిలువుగా బిగిస్తే సగం దారాలు సర్దుకున్నాయి. మిగతా సగం వినలేదు. 60 దగ్గరే ఇలా ఉంటే 300 దగ్గర ఎలా ఉంటుంది?

చరిత్రలో గొప్ప ఐడియాలుగా పేరుపడ్డవాటిని కూడా నేను ఈ కోణంలోనే చూస్తాను. 1977లో కోలిన్ చాప్మన్ జట్టు తెచ్చిన లోటస్ 78, మరుసటి ఏడాది మారియో ఆండ్రెట్టిని ఛాంపియన్ చేసిన లోటస్ 79 గురించి రాసినవాళ్ళంతా పక్కన ఉన్న తలకిందుల రెక్క ఆకారాల గురించి రాస్తారు. కానీ ఆ కార్లకి ప్రాణం పోసింది పక్కల్లో రోడ్డుని రాసుకుంటూ పైకీ కిందికీ జారే స్కర్టులు. బయటి గాలి లోపలికి రాకుండా ఆపే గోడలవి. 1981కి వచ్చేసరికి ఆ జారే స్కర్టుల్ని నిషేధించారు, 1983 నుంచి చక్రాల మధ్య ఫ్లోర్ చదునుగా ఉండాలన్నారు. గోడ పోయింది, కిందికి గాలి పీల్చే కోరిక మాత్రం పోలేదు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఏరో విభాగాలు చేస్తున్నదేంటయ్యా అంటే, ఆ లేని గోడని గాలితోనే కట్టడానికి తంటాలు పడడం.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది 2010, 2011 నాటి ఎగ్జాస్ట్ కథ. రెడ్ బుల్ ఇంజన్ పొగని ఫ్లోర్ చివర, వెనక టైరుకీ డిఫ్యూజర్‌కీ మధ్య ఉండే ఇరుకు సందులోకి వదిలింది. వేడిగా, బలంగా వచ్చే ఆ పొగ టైరు నుంచి చిమ్మే గాలిని అడ్డుకుని డిఫ్యూజర్ పక్కన తెర కట్టేది. అయితే డ్రైవర్ బ్రేక్ తొక్కినప్పుడు, అంటే పట్టు ఎక్కువ కావాల్సిన టైములోనే, పొగ తగ్గిపోతుంది. దానికీ మందు కనిపెట్టారు. యాక్సిలరేటర్ మీద కాలు తీసినా ఇంజన్ గాలి వదులుతూనే ఉండేలా, కొన్నిసార్లు ఇంధనం ఎగ్జాస్ట్‌లోనే మండేలా సెట్ చేశారు. 2011లో గ్రేటర్ నోయిడాలో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీకి వెళ్ళినవాళ్ళకి ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. మలుపులోకి దిగేటప్పుడు ఇంజన్ మూగబోవాల్సింది పోయి, గొంతు బొంగురుపోయినవాడు అరిచినట్టు గరగరమని ఒక రొద. నా పక్క సీటాయన "ఇంజన్ పోయినట్టుంది పాపం" అని జాలిపడ్డాడు. పాపం ఏమీ లేదు, రెడ్ బుల్ డ్రైవర్ వెటెల్ ఆ రేసు గెలిచాడు, తర్వాత రెండేళ్ళూ అక్కడే మళ్ళీ గెలిచాడు.

టైరు పక్కన రెండు చేతుల వెడల్పు కూడా లేని సందుని మూయడం కోసం ఇంజన్ స్వభావాన్నే మార్చేశారు చూడండి. సందు అంత విలువైనది కాకపోతే ఆ పెట్రోలు ఎందుకు తగలేస్తారు? 2011 సిల్వర్‌స్టోన్ రేసులో దీన్ని మధ్యలో ఆపించబోయి, గొడవై, మళ్ళీ వదిలేశారు. 2012లో ఎగ్జాస్ట్ గొట్టాల్ని పైకి జరపమని నియమం పెడితే, కారు ఒంటి వంపుల మీదుగా పొగని మళ్ళీ అదే చోటికి జార్చారు. 2014లో ఒకే గొట్టం, అదీ నడుమ, వెనక్కి అన్నాక గానీ ఆట కట్టలేదు.

ముందు టైరుది ఇంకా పెద్ద తలనొప్పి. దాని వేక్ వెనకాల ఫ్లోర్ మొత్తం ఉంటుంది. ఆ బలహీనమైన గాలి ఫ్లోర్ ముఖద్వారంలోకి దూరిందంటే లోపల ఎంత అందమైన సొరంగం కట్టినా దండగే. అందుకే 2009 నుంచి 2021 దాకా ముందు రెక్కలు, వాటి చివరి పలకలు, ముందు చక్రాల వెనక నిలబెట్టే బార్జ్‌బోర్డులు ఏడాదికేడాది పుట్టల్లా పెరిగిపోయాయి. కారు మధ్యరేఖ నుంచి 250 మిల్లీమీటర్ల దగ్గర ముందు రెక్క ఆకారం మారే చోట పుట్టే సుడిని కూడా వదల్లేదు. దాన్ని మచ్చిక చేసుకుని, టైరు వేక్‌ని బయటికి నెట్టే పనికి పెట్టారు. ఇలా బయటికి నెట్టడాన్నే ఔట్‌వాష్ అంటారు.

నమ్మకం కుదరకపోతే సీజన్‌కి ముందు జరిగే టెస్టింగ్ ఫోటోలు చూడండి. బార్సిలోనా అయినా, బహ్రెయిన్ అయినా, కార్లకి మంచం నవారు పట్టీల్లాంటి పెద్ద పెద్ద చట్రాలు బిగించి తిప్పుతుంటారు. ఒక్కో చట్రంలో గాలి పీడనం కొలిచే సన్నటి గొట్టాలు వరసలు వరసలుగా ఉంటాయి. వాటిని ఎక్కువగా ఎక్కడ పెడతారు? ముందు చక్రాల వెనక. విండ్ టన్నెల్ ఉంది, సూపర్ కంప్యూటర్లు ఉన్నాయి, అయినా ట్రాక్ మీద ఇంత అవస్థ ఎందుకంటే టైరుని నమూనాలో పట్టుకోవడం అంత సులువు కాదు కాబట్టి. అసలు కారులో టైరు బరువుకి అణుగుతుంది, మలుపులో పక్కకి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుతో వేక్ చోటు మారుతుంది. విండ్ టన్నెల్‌లో 60 శాతం సైజు నమూనాకి మించి వాడకూడదు. దానికోసం టైర్లు సరఫరా చేసే పిరెల్లీ కంపెనీ ప్రత్యేకంగా చిన్న టైర్లు చేసిస్తుంది, అణిగినప్పుడు వాటి ఆకారం అసలు టైరుకి దగ్గరగా ఉండేలా. కంప్యూటర్ లెక్కలోనైతే టైరు రోడ్డుని తాకే ఆ పదునైన సందు దగ్గర లెక్క గడబిడ కాకుండా ఆకారాన్నే కాస్త మార్చి సర్దుకుంటారు. అంటే, స్క్విర్ట్ పుట్టే చోటే లెక్క అన్నిటికన్నా నాజూగ్గా ఉంటుంది.

2021లో ఒక ప్రయోగం అనుకోకుండా జరిగిపోయింది. పిరెల్లీ టైర్ల మీద భారం తగ్గించాలని, వెనక టైర్ల ముందు ఫ్లోర్ అంచుని ఏటవాలుగా కోయించారు. టైరు దగ్గర ఆ కోత 100 మిల్లీమీటర్లు. ఫ్లోర్ అంచున ఉండే చీలికల్ని కూడా తీయించారు. కోసింది ఫ్లోర్‌లో చాలా చిన్న ముక్క. కానీ అది స్క్విర్ట్‌ని కాచుకునే ముక్క. వెనక భాగం పెద్దగా ఎత్తకుండా కారుని నడిపే మెర్సిడెస్, ఆస్టన్ మార్టిన్‌లు ఆ ఏడాది మొదట్లో గట్టిగానే లబోదిబోమన్నాయి. కోత వాళ్ళకే ఎక్కువ తగిలిందన్నది వాళ్ళ ఫిర్యాదు. ఫిర్యాదులో రాజకీయం ఎంతో నేను చెప్పను. మెర్సిడెస్ ఆ ఏడాది జట్లకిచ్చే కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ కొట్టనే కొట్టింది. ఫ్లోర్ బలం మధ్యలో లేదు, అంచుల్లో ఉంది అన్నంత వరకు మాత్రం ఆ కోత తేల్చేసింది.

ఇక అసలు గొడవకి వద్దాం. వేక్‌ని బయటికి నెట్టిన జట్టుకి ఫ్లోర్ శుభ్రం. నెట్టిన గాలి ఎక్కడికి పోయింది? కారు పక్కల్లో వెడల్పుగా పరుచుకుని, వెనక వచ్చేవాడి ముందు రెక్కకీ, ఫ్లోర్ ముఖద్వారానికీ తగులుతుంది. మనిల్లు ఊడ్చి చెత్త పక్కింటి గుమ్మంలో పోయడమే ఇది. ఊడ్చినవాడిని తప్పు పట్టలేం, పోటీలో ఎవడి ఇల్లు వాడు చూసుకుంటాడు. కానీ వీధి బాగుండాలంటే ఎవరో ఒకరు అడగాలి.

2022 నియమాలు ఆ అడగడమే. రాస్ బ్రాన్, పాట్ సిమండ్స్, నికోలస్ టోంబాజిస్ లాంటి ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన నియమాలవి. ఫ్లోర్ కింద సొరంగాలు తిరిగొచ్చాయి, బార్జ్‌బోర్డులు పోయాయి. ముందు టైర్ల మీద చిన్న రెక్కలు, చక్రాలకి మూతలు వచ్చాయి. వాటి పనే వేక్‌ని అదుపులో పెట్టడం. అది లోపలికి ముడుచుకుని, డిఫ్యూజర్ నుంచి పైకి లేచే గాలితో కలిసి వెనక కారు నెత్తి మీదుగా పోవాలన్నది ఆలోచన. ఫార్ములా వన్ అప్పట్లో చెప్పిన లెక్క ప్రకారం పాత కారు 20 మీటర్ల వెనక ఉంటే 35 శాతం, 10 మీటర్ల వెనక 46 శాతం డౌన్‌ఫోర్స్ పోగొట్టుకునేది. కొత్త కారుకి అది 4 శాతం, 18 శాతం. మొదటి ఏడాది తేడా కంటికి కనబడింది కూడా. వెనకున్న కారు వరసగా రెండు మూడు మలుపులు అంటిపెట్టుకుని పోగలిగింది.

మీడియా అంతా పోర్పాయిసింగ్ గురించి, అంటే కార్లు గుర్రాల్లా ఎగరడం గురించి, బాకూలో హామిల్టన్ నడుం పట్టుకుని దిగడం గురించి రాస్తుంటే, ఇంకో మూల వేరే పని చల్లగా జరిగిపోయింది. ఫ్లోర్ ముఖద్వారం దగ్గరుండే నిలువు పలకల్ని గాలిని బయటికి చిమ్మేలా వంచారు. ముందు రెక్క చివర్లు, ముందు చక్రం లోపలి డ్రమ్ము, ఫ్లోర్ పక్క అంచులు, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఔట్‌వాష్ మళ్ళీ మొలిచింది. 2025 వచ్చేసరికి వెనక వెళ్ళడం కష్టమైపోయిందని డ్రైవర్లు బహిరంగంగానే అన్నారు. ఈ చోట్లలోనే నియమాలు గట్టిగా లేకపోయాయని, నియమాలు పెట్టే ఎఫ్ఐఏ తరఫున టోంబాజిసే ఒప్పుకున్నారు. ఫ్లోర్ కింది గాలితో కారుని రోడ్డుకి అంటించే గ్రౌండ్ ఎఫెక్ట్ విఫలమైందని తీర్పు చెప్పినవాళ్ళతో అందుకే నేను ఏకీభవించను. విఫలమైంది ఫ్లోర్ కాదు, టైరు వేక్‌కి వేసిన కళ్ళెం.

"ఇంత ఖర్చు పెట్టినవాళ్ళు చక్రాలకి మడ్‌గార్డు వెయ్యలేరా?" అని మా బాబాయి అడిగాడు, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు చూస్తూ. నవ్వే ప్రశ్న కాదిది. 1954లో మెర్సిడెస్ వేసింది. డబ్ల్యూ196 కారుకి చక్రాలన్నీ కప్పేసి ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో తీసుకొస్తే డ్రైవర్ ఫాంజియో మొదటి రేసే గెలిచాడు. తర్వాత సిల్వర్‌స్టోన్‌లో ముందు చక్రాలు కనబడక మలుపుల దగ్గర పెట్టిన డ్రమ్ములకి గుద్దుకుని, సొట్టలు పడిన ముక్కుతో నాలుగో స్థానంలో వచ్చాడు. ల మాన్ ప్రోటోటైపులు కప్పుకునే తిరుగుతాయి. హైదరాబాద్‌లో బాబాయి చూసిన ఫార్ములా ఈ కార్లకి అంతకు ముందు తరంలో ముందు చక్రాల మీద కప్పు ఉండేది, సరిగ్గా ఆ 2023 సీజన్‌తోనే తీసేశారు. అయినా ఆ రోజు కాసిడీ చివరి దాకా వెర్న్‌ని వదలకుండా వెంటాడాడు, గెలిచింది వెర్నే అనుకోండి. ఆ కార్లు డౌన్‌ఫోర్స్ మీద అంతగా ఆధారపడవు. పైగా ముందు కారు చాటున పోతే బ్యాటరీ మిగులుతుంది. పోగొట్టుకునేది తక్కువైతే చెడ్డ గాలి పెద్దగా బాధించదు.

ఫార్ములా వన్ కూడా వర్షం కోసం కప్పులు ప్రయత్నించింది. 2021లో బెల్జియంలోని స్పాలో వానకి సేఫ్టీ కారు వెనక నాలుగు అడుగులు వేసి రేసు అయిపోయిందన్నాక, 2023లో సిల్వర్‌స్టోన్‌లో, ఆ మరుసటి ఏడాది ఫియొరానోలో టైర్లకి తొడుగులు వేసి చూశారు. ఆశించినంత ఫలితం రాలేదు. ఎందుకంటే నీళ్ళని పైకి లేపుతున్నది టైర్లు మాత్రమే కాదు, రోడ్డు మీది నీటిని డిఫ్యూజర్ కూడా పీల్చి వెనక్కి కొడుతోంది. నా వాదనకి ఇది కాస్త ఎదురు దెబ్బే. టైరుని కప్పేస్తే అన్నీ సర్దుకుంటాయని నేనూ అనను. పైగా చక్రాలు బయటికి కనబడని ఫార్ములా వన్ కారుని జనం ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. అది మనం ఇష్టపడి కొనుక్కున్న ఇబ్బంది. ఆ మాట నియమాలు రాసేవాళ్ళు సూటిగా చెప్తే బాగుంటుంది.

2026 నియమాల్లో ఫ్లోర్ మళ్ళీ చదునుకి దగ్గరైంది, డిఫ్యూజర్ జోరు తగ్గింది, టైర్లు ముందు 25, వెనక 30 మిల్లీమీటర్లు సన్నబడ్డాయి. టైర్ల మీది చిన్న రెక్కలు పోయాయి. వాటి బదులు ముందు చక్రాల వెనక, కారు పక్కల్లో ఉబ్బెత్తుగా ఉండే సైడ్‌పాడ్‌లకి ముందు బోర్డులు పెట్టి వేక్‌ని లోపలికి తిప్పమన్నారు. దిశ సరైనదే. కానీ లోపలికి తిప్పితే ఎవరి ఫ్లోర్ పాడవుతుంది? సొంత ఫ్లోరే. అంటే ప్రతి జట్టుకీ ఆ బోర్డుని పైకి నియమం ప్రకారం ఉంచి, లోలోపల బయటికి పనిచేసేలా మలచడంలోనే లాభం ఉంది. వందల మంది ఇంజనీర్లు పొద్దున లేచింది మొదలు అదే పనిలో ఉంటారు. ఆకారం మీద పెట్టిన ప్రతి నియమానికీ ఇదే గతి పట్టింది, 2012 ఎగ్జాస్ట్‌తో సహా.

అందుకే ఆకారాన్ని వదిలి ఫలితాన్ని కొలవాలంటాను. సీజన్‌లో జట్టు తెచ్చే ప్రతి పెద్ద మార్పునీ ఎఫ్ఐఏ తన దగ్గరే ఒకే టైరు నమూనాతో, ఒకే లెక్కతో నడిపి, కారు వెనక 20 మీటర్ల దగ్గర గాలికి ఎంత బలం మిగిలిందో చూడాలి. పరిమితి దాటితే ఆ భాగం ట్రాక్ మీదికి రాకూడదు. కంప్యూటర్ లెక్క నూటికి నూరుపాళ్ళు నిజం కాదంటారు, నిజమే, టైరు దగ్గర అసలే కాదు. కానీ అందరినీ ఒకే తప్పు తక్కెడలో తూస్తే తక్కువ ఎక్కువలు తెలుస్తాయి. ఆ తక్కెడకి తగ్గట్టు కారు కట్టేస్తారంటారు, అదీ నిజమే, అందుకని లెక్క వివరాలు కొన్ని ఎఫ్ఐఏ దాచుకోవాల్సి వస్తుంది. ఖర్చు, ఆలస్యం, కోర్టు గొడవలు కూడా ఉంటాయి. జట్లు ఒప్పుకోవు అన్నది మాత్రం నన్ను పెద్దగా భయపెట్టదు. 2022 జూన్‌లో మాంట్రియల్‌లో కారు ఎంత ఎగురుతోందో సెన్సర్‌తో కొలిచి హద్దు పెడతామన్నప్పుడు కూడా కొన్ని జట్లు గట్టిగానే ఎదురు తిరిగాయి. ఆగస్టులో స్పాకి వచ్చేసరికి ఆ కొలత అమల్లోకి వచ్చేసింది.